ఆరోగ్యం లెక్క: కిరాణా చీటీ, గోడ గడియారం

నూరేళ్లు బతకాలంటే ఏం తినాలని వెతికితే చియా గింజలు, అవకాడో, జపాన్ దీవుల చిలగడదుంపలు కనిపిస్తాయి. నెలనెలా మనింట్లో రాసుకునే సరుకుల చీటీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఒక కుటుంబం ఎలా తింటోందో చెప్పడానికి ఆ చీటీని మించిన సాక్ష్యం లేదు. పళ్లెంలో ఏముందని అడిగితే ఎవరైనా కాస్త అందంగానే చెబుతారు. కొట్లో కట్టించుకున్న సరుకు అబద్ధం చెప్పదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలను సవరించి విడుదల చేసింది. రోజుకు 2000 కిలోకేలరీలు సరిపోయే మనిషికి, అంటే ఎక్కువగా కూర్చుని పనిచేసే పెద్దవాళ్లకు, అందులో ఇచ్చిన కొలతలు ఇవి: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు, పల్లీలు, బాదం, నువ్వుల్లాంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. అన్నీ వండకముందు తూకాలే. మాంసం, చేపలు, గుడ్లు తినేవాళ్లు పప్పులో కొంత భాగాన్ని వాటితో భర్తీ చేసుకోవచ్చు.

ఈ అంకెలు చదివి తల ఊపి మరిచిపోతాం, ఎందుకంటే రోజుకు 85 గ్రాములంటే ఎంతో కంటికి ఆనదు. అదే నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెల లెక్క కడితే బొమ్మ మారిపోతుంది. ధాన్యాలన్నీ కలిపి 30 కిలోలు. పప్పులు 10 కిలోలు. నూనె సుమారు మూడున్నర లీటర్లు. కూరగాయలు రోజుకు కిలోన్నర పైనే. ఇప్పుడు మీ చీటీ తీసి చూడండి. బియ్యం 25 కిలోల బస్తా ఒకటి నిండుగా ఖర్చయ్యాక రెండోది విప్పుతున్నారా? దానికి తోడు ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, గోధుమ పిండి, అటుకులు, సేమియా ఉంటాయి. అవీ ధాన్యాలే, అవీ ఆ 30 కిలోల్లోనే పడాలి. పప్పుల వరసలో కందిపప్పు రెండు కిలోలు, మినపప్పు రెండు కిలోలు, పెసరపప్పు ఒక కిలో అని ఉంటే సగమే వస్తోందన్నమాట. తెలుగిళ్లలో తప్పుతున్న లెక్క చాలావరకు ఇదే. చెడ్డ సరుకేదో ఇంట్లోకి వచ్చి పడటం లేదు, బియ్యానికీ పప్పుకీ మధ్య నిష్పత్తి చెడింది.

భారతీయ వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపిన మధుమేహ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, మరో 13 కోట్ల 60 లక్షల మంది ఆ గడప దగ్గర ఉన్నారు. అదే సర్వే నుంచి 2025లో వచ్చిన ఆహార విశ్లేషణలో, మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నట్టు తేలింది. అందులో కొంచెం తగ్గించి ఆ మేరకు మాంసకృత్తులు పెంచితే షుగర్ వచ్చే ముప్పు తగ్గుతుందని కూడా ఆ విశ్లేషణ చెప్పింది.

అయిదు విడతల అన్నం

తెలుగు భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించే పదార్థం కాదు. పప్పన్నం, కూరన్నం, పులుసన్నం, చారన్నం, పెరుగన్నం: ప్రతి విడతకూ మళ్లీ అన్నం పడుతుంది. ఏ విడతా ఎక్కువనిపించదు, అసలు చిక్కు అక్కడే ఉంది. ఒక్కో విడతకు ఒక్కో హస్తం, అంటే సుమారు 100 గ్రాముల అన్నం అనుకుందాం. అయిదు విడతలకు అరకిలో అన్నం. బియ్యం ఉడికాక రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు తూగుతాయి కాబట్టి, ఆ పూటకు తిన్న బియ్యం సుమారు 180 గ్రాములు. రోజు మొత్తానికి రావాల్సిన 250లో 180 ఒక్క మధ్యాహ్నమే అయిపోయాయి. పొద్దున ఇడ్లీ, రాత్రి భోజనం ఇంకా లెక్కలోకే రాలేదు.

పొలంలో నాట్లు వేసేవాళ్లకు, బస్తాలు మోసేవాళ్లకు ఈ అన్నం అక్కరకొస్తుంది. 2000 కేలరీల లెక్క వాళ్లది కాదు. కుర్చీలో ఎనిమిది గంటలు కూర్చునేవాళ్లు కూడా అదే పళ్లెం పెట్టుకోవడంతోనే తేడా వస్తోంది. తాతల కాలంలో ఇంతే తిన్నారు కదా అంటారు. తిన్నారు, దాన్ని అరిగించే పని కూడా చేశారు.

కొలత తెలియాలంటే రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు చాలు. అది 180 మిల్లీలీటర్ల కప్పు, తలకొట్టి పోస్తే సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. కూర్చుని పనిచేసే నలుగురికి ఒక పూటకు రెండున్నర కప్పులు సరిపోవాలి. ఇప్పుడు నాలుగు పోస్తుంటే ఒక్కసారిగా రెండున్నరకు దించొద్దు. పప్పు, కూర పెంచకుండా అన్నం ఒక్కటే కోస్తే సాయంత్రం నాలుగింటికి ఆకలి నకనకలాడి మిక్చరో బిస్కెట్లో లోపలికి పోతాయి. తగ్గించిన అన్నం కంటే అవే ఎక్కువ చేటు. వారానికి అరకప్పు చొప్పున దించుతూ, అదే వారం కూర పావుకిలో పెంచండి.

విడతలు మానుకోనక్కర్లేదు, వాటి వరుసను కాస్త జరిపితే చాలు. కూరలో సగం, ఉంటే కోసంబరో గుడ్డో, అన్నం కలపకముందే విడిగా తినేయాలి. పీచు, మాంసకృత్తులు ముందు వెళ్లి అన్నం వెనక వెళితే పొట్ట నుంచి పేగులోకి పిండిపదార్థం నెమ్మదిగా జారుతుంది. 2015లో అమెరికాలో షుగర్ ఉన్న కొద్దిమంది మీద జరిపిన చిన్న పరిశోధనలో, ఒకే భోజనాన్ని ఈ వరుసలో తిన్నప్పుడు గంట తర్వాతి రక్తంలో చక్కెర మూడోవంతుకు పైగా తక్కువగా కనిపించింది. ఖర్చు లేని మార్పు ఇది. ఇక చివరి పెరుగన్నం విడతలో అన్నం సగానికి తగ్గించి పెరుగు రెట్టింపు చేయండి. వారంలో కొన్ని రోజులైనా ఆ విడత స్థానంలో గ్లాసు మజ్జిగ తాగండి. పెరుగన్నం లేకుండా భోజనం ముగిసినట్టుండదని చాలామంది అంటారు, అది కాదనలేం. రెండు ముద్దలకైనా ముగిసినట్టే ఉంటుంది.

పప్పు విషయంలో చిక్కంతా పలచదనంతోనే. నలుగురికి టీ గ్లాసుడు కందిపప్పు, అంటే సుమారు 100 గ్రాములు, వండుతారు. తలకు 25 గ్రాములు, అందులో మాంసకృత్తులు అయిదారు గ్రాములు. పప్పుచారైతే అందులోనూ సగం. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి (కిలో బరువుకు 0.83 గ్రాములు). అది నిండాలంటే పూటకు తలకు 40 గ్రాముల పప్పైనా పడాలి. పప్పు గట్టిగా వండండి. తోటకూరో పాలకూరో మామిడికాయో వేస్తే ఆకుకూర లెక్క కూడా అక్కడే తీరుతుంది. పొద్దుటి పూట దోసె కంటే పెసరట్టు ఎందుకు మేలంటే, దోసె పిండిలో ఒక పాలు మినపప్పుకు మూడు పాళ్లు బియ్యం, పెసరట్టు పిండిలో దాదాపు అంతా పెసలే, బియ్యం గుప్పెడు. ఆ పెసరట్టులో ఉప్మా పెట్టుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, రుచి సంగతి వేరే.

ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే ఈ విషయం ఇంకా ముఖ్యం. వయసుతో పాటు కండ తరుగుతుంది. కింద పడటం, తుంటి ఎముక విరగడం, మంచాన పడటం చాలాసార్లు అక్కడే మొదలవుతాయి. వృద్ధుల పోషణను పరిశీలించే నిపుణులు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా మాంసకృత్తులు సూచిస్తున్నారు. మన ఇళ్లలో మాత్రం పెద్దవాళ్లు రాత్రి రెండు ఇడ్లీలతోనో కాస్త పెరుగన్నంతోనో సరిపెడతారు, తేలిగ్గా ఉంటుందని. తేలిగ్గానే ఉంటుంది, కండకు ఏమీ అందదు. రెండు ఇడ్లీలు తినేచోట ఒక ఇడ్లీ, ఒక గుడ్డు, గ్లాసు పాలు అనుకోండి. గుడ్డు తినని ఇంట్లో గట్టి పెసరపప్పు కట్టో పన్నీరో పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం మాంసకృత్తులు పెంచేముందు డాక్టర్‌ను అడగాలి.

షుగర్‌కు మాత్రలు, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోయి చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. మందు మోతాదు సరిచూపించుకున్నాకే పళ్లెం మార్చాలి.

బియ్యం పేరు, చిరుధాన్యాల మోజు

తెలంగాణ సోనా అని పిలిచే ఆర్‌ఎన్‌ఆర్ 15048, హైదరాబాద్ శాస్త్రవేత్తలు సాంబ మసూరిని మెరుగుపరిచి తెచ్చిన రకం, రెండింటికీ గ్లైసీమిక్ సూచిక (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 51 దగ్గర ఉంటుంది. మామూలు తెల్ల బియ్యం చాలావరకు 70 చుట్టూ ఉంటాయి. తేడా నిజమే. అయితే కొట్లో వాటిని షుగర్ ఫ్రీ బియ్యం అని అమ్మడం మోసంతో సమానం. ఏ బియ్యమైనా 100 గ్రాముల్లో 78 గ్రాములు పిండిపదార్థమే. 51 సూచిక ఉన్నవి 100 గ్రాములు తింటే శరీరం మీద పడే చక్కెర బరువు (సూచికను పిండిపదార్థం గ్రాములతో హెచ్చించి నూటితో భాగిస్తే వచ్చే అంకె) 40, సూచిక 72 ఉన్నవి తింటే 56. షుగర్ ఫ్రీ బియ్యమే కదా అని మొదటివి 150 గ్రాములు తింటే 60. పేరు మార్చి కొలత పెంచినవాళ్లు మొదటికంటే వెనకబడ్డారు.

దంపుడు బియ్యం, సింగిల్ పాలిష్ బియ్యం పీచు కోసం మంచివే. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి అవి త్వరగా ముక్కవాసన వేస్తాయి, పురుగూ పడుతుంది. నెలకు సరిపడానే కొనాలి. వండేముందు అరగంట నానబెట్టి, ఒకటికి మూడు నీళ్లు పోయాలి. చాలా ఇళ్లలో మొదటిసారే తెల్ల బియ్యంలా వండి, పలుకు పలుకుగా వచ్చేసరికి బస్తాను పక్కన పడేస్తారు.

చిరుధాన్యాల గురించి ఒక్క మాట. కొర్రలు, సామలు, జొన్నలు గింజగా వండినప్పుడో రొట్టె కాల్చినప్పుడో నెమ్మదిగా అరుగుతాయి. అదే రాగులను మెత్తటి పిండి పట్టించి పలచటి జావ కాస్తే గింజ కట్టుబాటంతా ముందే విరిగిపోతుంది, అందులోని పిండి నీళ్లలో ఉడికి ఉబ్బి ఉంటుంది. చక్కెర త్వరగానే పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు రాగిజావను మందులా తాగి, ఎందుకు తగ్గడం లేదని అడగడానికి కారణం ఇదే. రాగుల అసలు బలం 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉండే కాల్షియం. దానికోసం తాగండి, మజ్జిగ కలిపి, బెల్లం లేకుండా, చిన్న గ్లాసుడు.

చద్దన్నం మీద ఇప్పుడు చాలా ప్రచారం ఉంది. అన్నం చల్లారినప్పుడు కొంత పిండి అరగని రకంగా గడ్డకడుతుంది, అది పీచులా పనిచేస్తుంది. కానీ ఆ మార్పు నూటికి ఒకటి రెండు గ్రాములే. మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నం వేసవిలో కడుపుకు హాయి, అంతవరకు సరే. వేడి అన్నం గిన్నెను రాత్రంతా గట్టు మీద వదిలేసి పొద్దున పులిహోర చేయడం వేరే సంగతి. అన్నంలో బతికే ఒక రకం బాక్టీరియా విషం తయారు చేస్తుంది, పోపు వేడికి ఆ విషం చావదు. మిగిలిన అన్నాన్ని రెండు గంటల లోపే వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఉప్పు ప్యాకెట్ మీద తేదీ

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థా, మన మార్గదర్శకాలూ ఒకే మాట మీద ఉన్నాయి. ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలియాలంటే ప్యాకెట్ విప్పిన రోజు తేదీని దాని మీదే పెన్నుతో రాయండి. నలుగురికి రోజుకు 20 గ్రాములు చొప్పున కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. నెలకే అయిపోతే తలకు 8 గ్రాములు దాటినట్టు. అదీ పచ్చళ్లు, అప్పడాలు, బయటి తిళ్లు కలపకుండా.

పచ్చడి లెక్క కూడా చూద్దాం. కిలో మామిడి ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు తలా 200 గ్రాములు, నూనె 400 గ్రాములు వేస్తే మొత్తం రెండు కిలోలు. అందులో ఉప్పు పదోవంతు. 20 గ్రాముల ఆవకాయ, అంటే ఒక ముక్కా దాని గుజ్జూ వేసుకుంటే 2 గ్రాముల ఉప్పు. పప్పన్నంలో ఒకసారి, పెరుగన్నంలో ఇంకోసారి వేసుకుంటే రోజు కోటాలో 4 గ్రాములు ఒక్క పూటలో అయిపోయినట్టే. ఆవకాయ మానమని చెప్పడం ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు. ఒక్క విడతకే పరిమితం చేయండి. అది ఉన్న పూట అప్పడం, ఒడియం, ఉప్పుమిరపకాయ పెట్టకండి. అప్పడాన్ని నూనెలో వేయించకుండా నిప్పుల మీద కాలిస్తే నూనె తగ్గుతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు.

తగ్గించే పద్ధతి ఉంది. ఉప్పు కూర దించేముందు వేస్తే పైపైన ఉండి నాలుకకు త్వరగా తెలుస్తుంది, తక్కువతో సరిపోతుంది. చింతపండు, నిమ్మ, మామిడికాయ పులుపు ఉన్నచోట ఉప్పు తగ్గినా లోటు కనిపించదు. మొదట పావువంతు తగ్గించి నెల ఆగండి, ఆ నెలలో నాలుక అలవాటు పడుతుంది. సైంధవ లవణం, కల్లుప్పు బీపీకి మంచివనే మాటలో నిజం లేదు. రెండూ ప్రధానంగా సోడియం క్లోరైడే, పైగా చాలావరకు అయోడిన్ ఉండదు. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మాత్రం నిజంగా పనిచేస్తుంది. చైనాలోని 600 గ్రామాల్లో సుమారు 21 వేల మందితో జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, బీపీకి కొన్ని రకాల మందులు వాడేవాళ్లకు అది ప్రమాదం, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. వాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

నూనె గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. లీటరు ప్యాకెట్‌లో 910 గ్రాములుంటాయి, నలుగురికి నెలకు మూడున్నర ప్యాకెట్లు గరిష్ఠం. వేపుడు నూనెను మళ్లీ మళ్లీ కాచకండి. నల్లబడి, జిడ్డుగా సాగి, త్వరగా పొగ వస్తుంటే ఇక అది పారబోయాల్సిందే. ఏ నూనె మంచిదనే చర్చ మీద పెట్టే సమయంలో సగం ఎంత నూనె అనే దాని మీద పెడితే చాలు.

గడియారం సంగతి

ఇప్పటిదాకా చీటీ. అదే చీటీతో వండిన అదే భోజనం ఏ వేళకు తింటున్నామన్న దాన్ని బట్టి వేరుగా పనిచేస్తుంది. మన కణాల్లో గడియారాలున్నాయి. వాటిని నడిపే జన్యువుల యంత్రాంగాన్ని కనిపెట్టినందుకే 2017లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. పగలు ఇన్సులిన్ చురుగ్గా పనిచేస్తుంది, చీకటి పడేకొద్దీ మందగిస్తుంది. 2020లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 20 మంది ఆరోగ్యవంతులకు ఒకే భోజనాన్ని ఒకసారి సాయంత్రం 6 గంటలకు, ఇంకోసారి రాత్రి 10 గంటలకు పెట్టారు. రెండుసార్లూ నిద్ర 11 గంటలకే. ఆలస్యంగా తిన్న రాత్రి రక్తంలో చక్కెర 18 శాతం ఎక్కువ ఎత్తుకు వెళ్లింది, కొవ్వు కరగడం 10 శాతం తగ్గింది.

పల్లెల్లో దీపాలు పెట్టే వేళకు అన్నాలయ్యే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. పట్నంలో ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఎనిమిది, వంట, సీరియల్, ఫోన్ అయ్యేసరికి తొమ్మిదిన్నర, పది. అన్నం కొలత, రాత్రి భోజనం వేళ, ఈ రెండింటిలో ఒక్కటే మార్చగలిగితే ముందు వేళే మార్చమంటాను. ఎందుకంటే అది నిద్రనూ లాగుతుంది, నిద్ర మర్నాటి ఆకలిని లాగుతుంది.

నిండు కడుపుతో పడుకుంటే పొట్టలోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నుతుంది. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు ఉంచాలనేది అందుకే. రాత్రి ఉప్పగా తింటే దాహం వేస్తుంది, నీళ్లు తాగుతాం, రెండుసార్లు లేవాల్సి వస్తుంది. రాత్రుళ్లు పదేపదే మూత్రానికి లేచేవాళ్లను జపాన్‌లో పరిశీలిస్తే, ఉప్పు తగ్గించినవాళ్లు లేవడం కూడా తగ్గింది. నిద్ర చెడిన మర్నాడు ఆకలి పెంచే హార్మోన్ ఎక్కువవుతుంది, చాలనిపించే హార్మోన్ తగ్గుతుంది. షికాగోలో ఆరున్నర గంటల లోపే పడుకునే 80 మంది అధిక బరువున్నవాళ్లలో కొందరికి నిద్రను సుమారు గంటా పదినిమిషాలు పెంచితే, వాళ్లు తెలియకుండానే రోజుకు 270 కిలోకేలరీలు తక్కువ తిన్నారు. ఆహారం గురించి వాళ్లకెవరూ ఏమీ చెప్పలేదు. 270 అంటే మన లెక్కలో రెండు హస్తాల అన్నం.

ఎనిమిదికి ముందు ఇల్లు చేరలేనివాళ్లకు ఒక దారి ఉంది. సాయంత్రం ఆరింటికి ఆఫీసులోనే గుప్పెడు ఉడికిన శనగలు, ఒక పండు. ఇంటికొచ్చాక ఆకలి మంట ఉండదు కాబట్టి తేలిక భోజనంతో సరిపోతుంది: ఒక హస్తం అన్నమో రెండు పుల్కాలో, కూర ఎక్కువ, పప్పు. తిన్నాక సోఫాలో వాలకుండా పది నిమిషాలు నడవాలి. వేగం అక్కర్లేదు. 2016లో న్యూజిలాండ్‌లో షుగర్ ఉన్నవాళ్లను రోజుకు ఒకేసారి అరగంట నడవమన్నారు, ఇంకోసారి మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడవమన్నారు. రెండో పద్ధతిలోనే భోజనానంతర చక్కెర తగ్గింది, రాత్రి భోజనం తర్వాత ఆ తేడా 22 శాతం దాకా ఉంది. కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. అన్నం తిన్నాక వంద అడుగులు వేయమనే పాతమాట తప్పు కాదు, వంద కాస్త వెయ్యి అయితే మేలు.

నిద్ర ఎంతసేపు, ఎప్పుడు

పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు. అందరికీ తెలిసిందే ఇది. అంతగా తెలియనిది ఏమిటంటే, ఎన్ని గంటలన్న దానికంటే రోజూ ఒకే వేళకు పడుకుని లేవడం ఎక్కువ బరువు తూగుతోంది. బ్రిటన్‌లో 60 వేల మందికి పైగా చేతి పట్టీలతో నిద్రను కొలిచి ఏళ్ల తరబడి గమనిస్తే, వేళ తప్పకుండా నిద్రపోయేవాళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయి. గంటల సంఖ్య కంటే క్రమమే ఆ తేడాను బాగా పట్టించింది. ఇది కారణమని తేల్చే పరిశోధన కాదు, ఆరోగ్యం బాగాలేనివాళ్లకు నిద్రవేళలు చెదురుతాయి కూడా. అయినా శని, ఆదివారాల్లో పదింటిదాకా పడుకుని వారం నిద్ర తీర్చుకునే లెక్క శరీరానికి నప్పదని అర్థమవుతోంది. సోమవారం పొద్దున అది వేరే దేశంలో దిగినట్టు తడబడుతుంది.

నిద్రను రెండు బలాలు తెస్తాయి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుని మగత తెస్తుంది, అదొకటి. వెలుతురును బట్టి నడిచే ఒంటి గడియారం రెండోది. కాఫీ, టీలు ఆ అడెనోసిన్ తలుపుకు అడ్డం నిలబడతాయి. కెఫీన్ సగం కరగడానికే అయిదారు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి ఫిల్టర్ కాఫీలో సగం రాత్రి పదకొండుకు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుందనేవాళ్లు ఉంటారు. పడుతుంది, గాఢత తగ్గుతుంది. రోజు మొత్తానికి కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దని మన మార్గదర్శకాలు చెబుతున్నాయి. డికాషన్ కాఫీ ఒక కప్పులో 80 నుంచి 120, టీలో 30 నుంచి 65. చివరి కప్పు మధ్యాహ్నం రెండు, మూడింటికి అయిపోవాలి. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ వద్దు, ఆకుకూరలోని ఇనుమును అది పట్టేస్తుంది. రోజుకు నాలుగు టీలు, కప్పుకు రెండు చెంచాల పంచదార అయితే 35 గ్రాములు దాటుతుందన్నది ఇంకో సంగతి.

మధ్యాహ్నం కునుకు తప్పేం కాదు. ఒంటిగంట, మూడు మధ్య మగత రావడం గడియారంలో ఉన్నదే, అన్నం ఎక్కువైతే ఇంకాస్త వస్తుంది. 20 నిమిషాలు, మహా అయితే అరగంట. గంట దాటితే గాఢనిద్రలోంచి లేస్తాం, తల దిమ్ముగా ఉంటుంది, రాత్రికి దాచుకున్న మగత కూడా ఖర్చయిపోతుంది. రాత్రి నిద్ర పట్టదనేవాళ్లు మొదట మానాల్సింది ఈ కునుకే.

మన దగ్గర వేసవి మరో అడ్డంకి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో రెంటచింతలలోనో రాత్రి పదకొండుకు కూడా గోడలు సెగలు కక్కుతుంటే అది దిగదు. పడుకోవడానికి గంటా గంటన్నర ముందు గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేస్తే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని లోపలి వేడి బయటికి పోతుంది. చన్నీళ్లు అప్పటికి హాయిగా ఉన్నా నాళాలు ముడుచుకుంటాయి. కూలర్ పెడితే ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే గదిలో తేమ పెరిగి చెమట ఆరదు.

సింగరేణి గనుల్లో, ఆసుపత్రుల్లో, అమెరికా వేళల్లో పనిచేసే ఐటీ ఆఫీసుల్లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు ఈ వేళలేవీ కుదరవు. వాళ్లకు పనికొచ్చే సూత్రం వేరు: పని రాత్రే అయినా ప్రధాన భోజనం మాత్రం వెలుతురున్నప్పుడే. డ్యూటీకి బయల్దేరేముందు కడుపునిండా తినాలి. అర్ధరాత్రి క్యాంటీన్‌లో బిర్యానీ బదులు మజ్జిగ, గుడ్డు, పల్లీలు లాంటి చిన్న తిండితో నెట్టుకురావాలి. ఇంటికి వెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే పొద్దుటి ఎండ గడియారాన్ని మేల్కొలపదు (బండి నడిపేవాళ్లు మగతగా ఉంటే అద్దాల కంటే ముందు బండే మానాలి). పడకగది కిటికీకి మందపాటి తెర వేసుకోవాలి.

వీటన్నిటినీ పాటించినా పొద్దున లేచేసరికి అలసటగానే ఉంటే గురక సంగతి చూడాలి. మన ఇళ్లలో గురకను గాఢనిద్రకు గుర్తుగా చెప్పుకుంటారు. గట్టిగా గురక పెడుతూ, ఉన్నట్టుండి చప్పుడు ఆగి, కొన్ని క్షణాలకు ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలైతే అది గాఢనిద్ర కాదు, ఊపిరి ఆగడం. గొంతు దారి మూసుకుపోయి రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రికి ఇది పదులసార్లు జరిగినా ఆ మనిషికి గుర్తుండదు. మందులకు లొంగని బీపీ, పొద్దున తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు దీని వెంట వస్తాయి. మగవాళ్లకు నడుం చుట్టుకొలత 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు పెరుగుతుంది. నెలసరి పూర్తిగా ఆగిపోయే వయసు వచ్చాక ఆడవాళ్లలోనూ ఇది ఎక్కువవుతుంది, అయినా వాళ్ల గురకను పట్టించుకునేవాళ్లు తక్కువ. పక్కన పడుకున్నవాళ్లు ఫోన్‌లో పది నిమిషాలు రికార్డు చేసి, ఊపిరితిత్తుల డాక్టర్‌కో చెవి ముక్కు గొంతు డాక్టర్‌కో వినిపిస్తే, నిద్ర పరీక్ష అవసరమో కాదో అక్కడే తేల్చి చెబుతారు.